‘నా కళ్లముందే విప్పు’: ఉయ్యూరులో కంప్యూటర్ రిపేరు బల్ల కథ

పాడైన సిస్టమ్ తెచ్చి బల్ల మీద పెట్టిన మనిషి కృష్ణా డెల్టాలో మొదట అనే మాట, ‘నిన్నటిదాకా బానే పనిచేసింది’. రెండో మాట, ‘ఏం చేసినా నా కళ్లముందే చెయ్యి’. మూడోది బాగు చేశాక వస్తుంది: ‘ఇంతోటి దానికి ఇంతా?’ విజయవాడ గవర్నర్‌పేట నుంచి బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాకా ఏ రిపేరు షాపులో కాసేపు కూర్చున్నా ఈ మూడూ ఇదే వరసలో వినిపిస్తాయి. అలా అన్నవాళ్లను మెకానిక్కులు తమలో తాము ‘తలనొప్పి కేసు’ అనుకుంటారు. కానీ ఈ పని పుట్టి పెరిగిన తీరు ఓపిగ్గా చూస్తే, మంచి షాపులో ఇవాళ కనిపించే పద్ధతులు చాలామటుకు ఆ తలనొప్పి కేసుల పుణ్యమేనని తెలుస్తుంది. రసీదు మీద సీరియల్ నంబరు రాయడం, పాత పార్టు తిరిగి చేతిలో పెట్టడం, పని మొదలెట్టకముందే ఛార్జీ చెప్పడం, ఇవన్నీ ఎవరో ఒకరు గట్టిగా పోట్లాడితే వచ్చినవే.

ఉయ్యూరు ఈ కథకు తగిన ఊరు. విజయవాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, పుల్లేరు కాలువ పక్కన, చెరకు మీద ఎదిగిన ఊరు. సహకార పద్ధతిలో మొదలైన ఇక్కడి చక్కెర మిల్లును 1941లో వెలగపూడి రామకృష్ణ చేపట్టి కేసీపీగా నిలబెట్టారు. 1975లో వచ్చిన డిగ్రీ కాలేజీ పేరులోనూ చెరకు రైతులున్నారు: అడుసుమిల్లి గోపాలకృష్ణయ్య అండ్ షుగర్‌కేన్ గ్రోయర్స్ సిద్ధార్థ కళాశాల. క్రషింగ్ సీజన్లో చుట్టుపక్కల పల్లెల నుంచి చెరకు బండ్లు, తర్వాతి కాలంలో ట్రాక్టర్లు, కాటా దగ్గర వరస కట్టేవి. రైతు కిందికి దిగి కాటా పక్కనే నిలబడి తూకం ఎంత వచ్చిందో తానే చూసుకునేవాడు. ఏడాది కష్టం ఆ అంకె మీదే ఆధారపడి ఉంది మరి. సొంత కంటితో చూస్తేగానీ ఒప్పుకోని ఆ అలవాటే తర్వాత కంప్యూటర్ షాపు మెట్లెక్కింది.

నిజానికి కళ్లముందే విప్పమనడం కంప్యూటర్‌తో మొదలైంది కాదు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యాక డెల్టా పల్లెల్లో రేడియోలు పెరిగాయి. వాటి వెనకే రేడియో మెకానిక్కులు వచ్చారు. వాల్వు రేడియో వెనక అట్ట విప్పి స్విచ్ వేస్తే లోపల వాల్వులు ఎర్రగా వెలిగేవి. వెలగనిది ఏదో మెకానిక్‌తోపాటు రేడియో తెచ్చిన ఆసామికీ కనబడేది. విజయవాడలో 1966లో ఏర్పడ్డ ఆటోనగర్‌దీ అదే తీరు. లారీ ఓనరు ఇంజను దించిన షెడ్డులోనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అరిగిన పిస్టన్ రింగు చేతికిస్తే వేలితో తడిమి చూసి ఒప్పుకునేవాడు. పొలంలో మోటారు కాలితే వైండింగు వాసనే సంగతి చెప్పేది. కంటికో, ముక్కుకో, చేతికో రోగం తెలిసిపోయేది కాబట్టి తగువంతా ధర దగ్గరే నడిచేది. రోగం అసలు ఉందా లేదా అన్న అనుమానం పెద్దగా వచ్చేది కాదు.

కంప్యూటర్ ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. పాడైన ర్యామ్‌కూ మంచి ర్యామ్‌కూ చూపులో తేడా లేదు. హార్డ్‌డిస్కులో చెడిన సెక్టార్లకు వాసన లేదు. మెకానిక్ చెప్పిన మాట నమ్మడం తప్ప కస్టమర్‌కు వేరే దారి లేకుండా పోయింది. ఉయ్యూరు మనిషికి అది అలవాటు లేని పని.

మొదటి పదేళ్లు ఈ చిక్కు ఎవరికీ తగల్లేదు. ఎందుకంటే అప్పట్లో కంప్యూటర్ సంస్థల సొత్తు. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతులను సులువు చేశాక, బ్యాంకులకూ, ఫ్యాక్టరీ ఆఫీసులకూ, కానూరులో 1977లో పెట్టిన వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల లాంటి చోట్లకూ యంత్రాలు రావడం మొదలైంది. ఏసీ గదిలో పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లే రోజులవి. అమ్మిన కంపెనీతో ఏడాది నిర్వహణ ఒప్పందం ఉండేది; దాన్నే ఏఎంసీ అనేవారు, ఇప్పటికీ అంటున్నారు. బ్రీఫ్‌కేసుతో ఇంజనీరు వచ్చి కార్డు మార్చి, సర్వీసు రిపోర్టు మీద గుమాస్తాతో సంతకం పెట్టించుకుని వెళ్లిపోయేవాడు. గుమాస్తా జేబులోంచి పోయేదేమీ లేదు, కాబట్టి గొడవా లేదు. ఫిర్యాదు ఏదైనా ఉంటే అది ఆలస్యం గురించి, అదీ టైపు చేసిన ఉత్తరంలో.

1990ల రెండో సగంలో అసెంబుల్డ్ సిస్టమ్ వచ్చింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో విడిభాగాలు తెచ్చి, మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, హార్డ్‌డిస్కు విడివిడిగా కొని కూర్చి అమ్మే పద్ధతి ఇది. విజయవాడ కుర్రాళ్లు రాత్రి రైలెక్కి వెళ్లి, మర్నాడు సంచీల్లో సామాను వేసుకుని దిగేవాళ్లు. బాగుచేసేవాళ్లు రెండు దారుల నుంచి వచ్చారు. ఐటీఐలో రేడియో, టీవీ మెకానిక్ ట్రేడు చదివి టంకం పెట్టడంలో చెయ్యి తిరిగినవాళ్లు ఒకరు. జెట్‌కింగ్ తరహా హార్డ్‌వేర్ కోర్సులు చేసి కొత్తగా వచ్చినవాళ్లు ఇంకొకరు. మొదటివాళ్లకు బోర్డు తెలుసు, విండోస్ అంతంత మాత్రం. రెండోవాళ్లకు విండోస్ తెలుసు, బోర్డు పాడైతే మార్చడమే తప్ప బాగుచేయడం రాదు.

కొన్నవాళ్లెవరు? డాక్టర్లు, ఆడిటర్లు, డీటీపీ సెంటర్ల వాళ్లు, ఫొటో స్టూడియోల వాళ్లు, కొడుకునో కూతురినో బీటెక్‌లో చేర్చిన తల్లిదండ్రులు. సిస్టమ్ ధర ముప్పై నలభై వేలు పలికేది. ఆ డబ్బు అప్పు చేసి తెచ్చిన తండ్రి, ఆరు నెలలకే అది ఆగిపోతే సీపీయూను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు, ఆయన గొంతు మెత్తగా ఉండాలనుకోవడం న్యాయం కాదు.

ఆయన మొదటి అనుమానం: ‘కొత్త పార్టులు లాగేసి పాతవి వేస్తారేమో.’

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. మెకానిక్కుల్లో అలాంటివాళ్లు ఉండేవారు. పెద్ద ర్యామ్ తీసి చిన్నది పెట్టడం అక్కడక్కడా జరిగిన పనే. ఒక్కడు చేసినా ఆ మాట ఊరంతా పాకుతుంది, దాని ఫలితం నిజాయితీగా పనిచేసిన వందమంది మోస్తారు. అయితే చేయని దొంగతనానికి కూడా నిందపడిన సందర్భాలు అంతకంటే ఎక్కువ. అవి వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుసు కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

2000 ప్రాంతంలో చవక సిస్టమ్‌లలో గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండేది కాదు, మదర్‌బోర్డులోనే కలిసి వచ్చేది. ఆ గ్రాఫిక్స్ తనకు కావలసిన జాగాను ర్యామ్ నుంచే తీసుకుంటుంది. 64 ఎంబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో 8 ఎంబీ అటు పోతే, మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ కొట్టి చూసినప్పుడు 56 ఎంబీ అని కనిపిస్తుంది. కొన్న రోజున ఎవరూ అది చూడలేదు. రిపేరు అయ్యాక, ఇంజనీరింగ్ చదివే మేనల్లుడెవరో చూసి చెప్పాడు. ఇక అంతే, ‘మా ఎనిమిది ఎంబీ ఎక్కడ పెట్టావయ్యా?’ అంటూ ఆసామి మళ్లీ షాపులో ప్రత్యక్షం. హార్డ్‌డిస్కుదీ ఇదే బాధ. పెట్టె మీద 40 జీబీ అని ఉంటుంది, విండోస్‌లో 37.2 జీబీ అని కనబడుతుంది. తయారీదారు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కేస్తాడు. విండోస్ 107 కోట్ల చిల్లర బైట్లుగా లెక్కేస్తుంది. ఇద్దరి లెక్కకూ మధ్య మూడు జీబీల దాకా తేడా వస్తుంది, దానికి సంజాయిషీ ఇవ్వాల్సింది మాత్రం ఉయ్యూరు కుర్రాడు. ఈ గుణకారం నోటితో చెబితే నమ్మేవారు కాదు. కాలిక్యులేటర్ ఇచ్చి వాళ్ల చేతే కొట్టించి చూపించిన మెకానిక్కులు నెగ్గారు.

ఈ తగువుల నుంచే జాబ్‌షీటు వచ్చింది. విజయవాడ పెద్ద షాపుల్లో కంపెనీ పద్ధతిగా అది ముందే ఉంది. చిన్న ఊళ్ల షాపులు మొదట చీటీ మీద పేరు, ఫోన్ నంబరు రాసి కేబినెట్‌కు అంటించి ఊరుకునేవి. తర్వాత తర్వాత సీపీయూ తెచ్చిన మనిషి ఎదురుగానే పక్క మూత విప్పి, ర్యామ్ ఎంత, హార్డ్‌డిస్కు ఏ కంపెనీది, సీరియల్ నంబరెంత అని రాసి, కింద సంతకం తీసుకోవడం మొదలెట్టాయి. కొందరు ర్యామ్ మీద మార్కర్‌తో షాపు గుర్తు గీసేవారు. ఇంకొందరు కేబినెట్ స్క్రూ మీద సంతకం చేసిన కాగితం ముక్క అంటించేవారు. అది చిరిగితే ఎవరో మధ్యలో విప్పినట్టు. దీనివల్ల షాపుకూ మేలే జరిగింది. పక్కింటి కుర్రాడితో విప్పించి పాడుచేసుకుని ‘నువ్వు చేసిన పనే’ అని వచ్చినవాళ్లకు ఆ చిరిగిన కాగితమే జవాబయింది.

‘షాపులో పనిచేసింది, ఇంటికి తీసుకెళ్తే పనిచేయట్లేదు’ అన్నది మరో పెద్ద ఫిర్యాదు. చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని మెకానిక్‌కు అనిపిస్తుంది, మెకానిక్ మోసం చేశాడని చెప్పేవాడికి అనిపిస్తుంది. నిజానికి ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గతుకుల రోడ్డు మీద స్కూటర్ ముందు పెట్టుకుని తీసుకెళ్తే ర్యామ్ స్లాటులో కదులుతుంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉండదు. సాయంత్రం పూట వోల్టేజీ పడిపోయి, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్ఎమ్‌పీఎస్ లేవనంటుంది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ, రైసు మిల్లుల పక్కనైతే ఊక ధూళి కూడా. అనుభవమున్నవాళ్లు బాగుచేసిన సిస్టమ్‌ను తామే మోసుకెళ్లి ఇంట్లో పెట్టి, అక్కడి ప్లగ్గులో ఆన్ చేసి చూపించి వచ్చేవాళ్లు. ఒక ట్రిప్పు పెట్రోలు పోతుంది, నాలుగు రోజుల మాటామాటా తప్పుతుంది. ఇంటికెళ్లి ఇచ్చే ఈ అలవాటు ఉయ్యూరు లాంటి ఊళ్లలో షాపులను నిలబెట్టింది. పల్లెల్లో ఏ ఇంట్లో కరెంటు ఎలా వస్తుందో, సిస్టమ్ కిటికీ పక్కన పెట్టారా పొయ్యి పక్కన పెట్టారా అన్నదీ వాళ్లకు తెలిసిపోయింది.

ఈ తగువుల మధ్యే వైరస్‌ల కాలం వచ్చింది. 1999 ఏప్రిల్ 26, సోమవారం. చెర్నోబిల్ అని పేరుపడ్డ సీఐహెచ్ వైరస్ ఆ రోజు ప్రపంచమంతటా ఒకేసారి విరుచుకుపడింది. ఆసియా దేశాలకే దెబ్బ గట్టిగా తగిలింది. హార్డ్‌డిస్కు మొదట్లో ఉన్న భాగాన్ని చెరిపేసేది, కొన్ని మదర్‌బోర్డుల్లో బయోస్ చిప్‌ను కూడా పనికిరాకుండా చేసేది. అంతకుముందు ఏ మెకానిక్ అయినా ‘ప్రోగ్రాము వల్ల బోర్డు పోదండి’ అని ధైర్యంగా చెప్పేవాడు. ఆ మాట ఆ రోజుతో చెల్లకుండా పోయింది. బోర్డు పోయిందని ఒకడు చెబితే, వైరస్‌కు బోర్డెలా పోతుందని ఇంకొకడి దగ్గరికి వెళ్లి అడగడం, ఆ రెండోవాడు మొదటివాడిని దొంగను చేయడం మామూలైంది.

2003 ఆగస్టులో వచ్చిన బ్లాస్టర్ ఇంకా చిత్రమైన తగువులు తెచ్చింది. ఇంటర్నెట్‌కు కలిపిన విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ మీద ఒక పెట్టె వచ్చి, అరవై సెకన్లు లెక్కపెట్టి, రీస్టార్ట్ అయ్యేది. మెకానిక్ ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్స్‌పీ వేసి ఇచ్చేవాడు. కస్టమర్ ఇంటికెళ్లి డయలప్ కనెక్షన్ కలపగానే మళ్లీ అదే పెట్టె. ‘నిన్ననే కదయ్యా రెండొందలు పట్టుకెళ్లావు!’ మెకానిక్ చేసిన పనిలో తప్పు లేదు. కానీ కొత్తగా వేసిన ఎక్స్‌పీలోనూ ఆ కంత అలాగే ఉండేది, దాన్ని పూడ్చే మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌ను నెట్ కలపకముందే వేయాలి. ఆ సంగతి తెలిసినవాళ్లు ప్యాచ్‌ను సీడీలో రాసుకుని జేబులో పెట్టుకు తిరిగారు. తెలియనివాళ్లు అదే ఇంటికి ఊరికే మూడుసార్లు తిరిగారు.

ఇదంతా ఏ దేశంలోనైనా జరిగేదే. తెలుగు షాపుకే ప్రత్యేకమైన గొడవ ఒకటుంది: ‘నా తెలుగు ఏది?’

డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, దాని మీద అను ఫాంట్స్. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బ్యాంకు నోటీసులు అన్నీ అందులోనే. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద కూర్చి పెడతాయి. ఫాంటు ఉన్నంతసేపూ తెరమీద తెలుగే. ఫార్మాట్ కొట్టి విండోస్ వేసి, ఫాంట్లు వేయకుండా ఫైలు తెరిస్తే మాత్రం కోడికాళ్లలాంటి ఇంగ్లిషు గీతలు కనబడతాయి. ఫైలు చెక్కుచెదరలేదు, ఒక్క అక్షరం పోలేదు. ఆపరేటర్‌కు మాత్రం గుండె ఆగినంత పనవుతుంది. తొమ్మిదేళ్ల మ్యాటరు పోయిందనే అనుకుంటాడు. ఫాంట్లు వేద్దామంటే దాని తాళం, అంటే వెనక పోర్టుకు తగిలించే డాంగిల్, ఎక్కడో టేబుల్ సొరుగులో ఉంటుంది. లేదా అసలు ఉండదు.

ఇదే గొడవ మాఘమాసంలో వస్తే దాని తీవ్రతే వేరు. పెళ్లిళ్ల సీజను, దానికి తోడు ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ల. మాఘ శుద్ధ ఏకాదశి నుంచి పదిహేను రోజులపాటు ఊరు జనంతో నిండిపోతుంది. ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఫొటోలు, వీడియోలు అన్నీ ఒకేసారి కావాలి. ఆషాఢంలో సిస్టమ్ ఆగితే డీటీపీ ఆయన ‘నిదానంగా చూడు తమ్ముడూ’ అంటాడు. మాఘంలో ఆగితే ఆయన వెనక పెళ్లికూతురి తండ్రి నిలబడి ఉంటాడు. మెకానిక్ మీద పడే కోపం అసలు ఆ తండ్రిది, డీటీపీ ఆయన దాన్ని మోసుకొచ్చాడంతే. ఈ లెక్క తెలిసిన మెకానిక్ అప్పుడు వాదనకు దిగడు. హార్డ్‌డిస్కు ఊడదీసి, ఇంకో సిస్టమ్‌కు రెండోదిగా తగిలించి, ముందు ఆ శుభలేఖ ఫైలు తీసి ప్రింటు ఇప్పిస్తాడు. రిపేరు సంగతి రాత్రికి చూసుకుంటాడు. కృష్ణా డెల్టాలో పేరు తెచ్చుకున్న మెకానిక్కులు చాలామంది ఇలాంటి రాత్రుల్లోనే ఆ పేరు సంపాదించారు.

విండోస్ ఎక్స్‌పీతో యూనికోడ్ తెలుగు, గౌతమి ఫాంటు వచ్చాయి. అయినా సంక్లిష్ట లిపుల సౌకర్యాన్ని సీడీ పెట్టి విడిగా వేసుకోవాల్సి వచ్చేది. ఆ టిక్కు పెట్టడం మరిచిన మెకానిక్‌కు మర్నాడే ఫోను వచ్చేది. ఇప్పుడా బాధ పోయింది. అను ఫైళ్లతో నడిచే ప్రెస్సుల్లో మాత్రం పాత ప్రశ్న అలాగే ఉంది. అందుకే ఇక్కడి షాపుల్లో ఫార్మాట్ కొట్టేముందు అడిగే ప్రశ్నల్లో ‘డేటా ఏముంది?’ తర్వాత ‘తెలుగు ఏ ఫాంటు?’ అన్నది తప్పక ఉంటుంది.

డబ్బు దగ్గరికి వద్దాం. తేమకు ర్యామ్ కాళ్లు మసకబారితే డిస్‌ప్లే రాదు. తీసి, రబ్బరుతో నాలుగు రుద్దులు రుద్ది, తిరిగి పెడితే వస్తుంది. అయిదు నిమిషాల పని. ‘రబ్బరుతో రుద్దినందుకు రెండొందలా?’ అన్న ప్రశ్నకు మెకానిక్కులు రెండు రకాలుగా జవాబు చెప్పారు. కొందరు సీపీయూను లోపలి గదిలోకి తీసుకెళ్లి, గంట తర్వాత తెచ్చి, ఏదో పెద్ద పని చేసినట్టు చెప్పారు. ఇది తప్పు. ఈ వృత్తి మీద పడ్డ అపనమ్మకంలో సగానికి ఇదే కారణం. రెండోవాళ్లు గోడమీద బోర్డు పెట్టారు: చూసినందుకు ఇంత, ఓఎస్ వేసినందుకు ఇంత, డేటా తీసినందుకు ఇంత. మొదట్లో బేరాలు తగ్గాయి. ‘చూసినందుకే డబ్బులా, డాక్టరనుకున్నావా?’ అని వెళ్లిపోయినవాళ్లున్నారు. క్రమంగా ఆ బోర్డే నిలిచింది.

అరువు మాట వేరు. ఉయ్యూరులో చెరకు డబ్బుకు ఒక కాలం ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం మిల్లుకు తోలిన 14 రోజుల్లో రైతుకు డబ్బు ముట్టాలి. ఆ గడువు దాటడం దేశంలో ఎక్కడైనా జరిగేదే. ‘చెరకు డబ్బులు పడ్డాక ఇస్తా’ అన్న మాట బట్టల కొట్టులో, ఎరువుల కొట్టులో ఎంత చెల్లుబాటో రిపేరు షాపులోనూ అంతే. కాదంటే మనిషి పోతాడు, అవునంటే సరుకు కొన్న డబ్బు ఇరుక్కుంటుంది. చివరికి చాలామంది ఒక కట్టుబాటుకు వచ్చారు. పార్టు ఖరీదు అప్పటికప్పుడు, చేతి పని డబ్బు తర్వాత.

చట్టం కూడా మెల్లగా ఈ బల్ల దగ్గరికి చేరింది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం డబ్బు తీసుకుని చేసే సేవలో లోపముంటే జిల్లా స్థాయిలోనే ఫిర్యాదు చేసుకునే వీలు ఇచ్చింది. దాని స్థానంలో 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం రెండు విషయాలు తేటగా రాసింది. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు బయటపెట్టడమూ అంతే. రెండోది చాలా పెద్ద మాట. 2008లో హాంకాంగ్ నటుడు ఎడిసన్ చెన్ రిపేరుకిచ్చిన ల్యాప్‌టాప్‌లోంచి వ్యక్తిగత చిత్రాలు బయటికి పొక్కాయి. మరుసటి ఏడాది అక్కడి కోర్టు టెక్నీషియన్‌కు జైలు శిక్ష వేసింది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పదహారు చోట్ల ల్యాప్‌టాప్‌లు రిపేరుకిచ్చి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఆరుచోట్ల సొంత ఫైళ్లు తెరిచి చూశారు, రెండుచోట్ల కాపీ కూడా చేసుకున్నారు. బల్ల పక్క నుంచి కదలని ఆడపిల్లల తండ్రిని, పాస్‌వర్డ్ చెప్పడానికి తటపటాయించే మనిషిని ఇవి చదివాక ‘అనుమానం మనిషి’ అని తీసిపారేయలేం.

2011 నవంబరులో మొదలైన మీసేవ, 2019 అక్టోబరు 2న వచ్చిన గ్రామ సచివాలయాలు, 2020లో కరోనా నాటి ఆన్‌లైన్ క్లాసులు కంప్యూటర్‌ను ప్రతి ఊరికీ తెచ్చాయి. రిపేరు బల్లకు అన్ని రకాల మనుషులూ వచ్చారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు నీట మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు స్థాయిలో పారినప్పుడు, తడిసిన సీపీయూలూ ల్యాప్‌టాప్‌లూ రిపేరుకు చేరాయి. నీళ్లలో మునిగిన యంత్రానికి మొదటి మందు దాన్ని ఆన్ చేయకుండా ఉండటం. తెలియక ఆన్ చేసి చూసి, కాలాక తెచ్చినవాళ్లుంటారు. ఇల్లు మునిగిన మనిషితో ‘ముందే ఎందుకు ఆన్ చేశారండీ’ అనడం ఎంత నిజమైనా ఆ సమయంలో అనదగ్గ మాట కాదు. హార్డ్‌డిస్కు ఊడదీసి ‘ఫొటోల సంగతి చూస్తా’ అనడమే చేయగలిగింది.

ఇప్పటి చిక్కులు కొత్తవి. పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి వస్తోంది, మార్చే వీలు లేదు. మదర్‌బోర్డు మారిస్తే, డిస్కులోని డేటాకు విండోస్ వేసే బిట్‌లాకర్ అనే తాళం 48 అంకెల కీ అడుగుతుంది. యజమానికి అలాంటిదొకటి ఉందనే తెలియదు, ‘నువ్వే ఏదో లాక్ పెట్టావు’ అంటాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది. బాగా నడుస్తున్న పాత సిస్టమ్ మీద విండోస్ 11 ఎందుకు ఎక్కదో చెప్పాల్సిన పనీ మెకానిక్ మీదే పడింది. తయారీదారులు విడిభాగాలు, మాన్యువళ్లు అందుబాటులో పెట్టాలన్న ‘రిపేరు హక్కు’ కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. ఆ మాన్యువళ్లు ఉయ్యూరు బల్ల దాకా వచ్చిన రోజున మెకానిక్‌కూ కస్టమర్‌కూ ఇద్దరికీ మేలు. అంతదాకా కంపెనీ చేసిన మూసివేతకు ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉంటారు.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. సిస్టమ్ రిపేరుకు ఇచ్చేముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట దాచుకోండి, అది కుదరకపోతే ఏ ఫైలు పోకూడదో ముందే చెప్పండి. మీ ఎదుట విప్పమని అడగండి, అది మీ హక్కు. జాబ్‌షీటు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, బిల్లు తీసుకోండి, మార్చిన పాత పార్టు అడిగి తెచ్చుకోండి. చూసినందుకు ఎంతో ముందే తేల్చుకోండి. తీరా చూస్తే ఊడిన వైరొక్కటే కారణమని తేలినా, ఆ కుర్రాడి డబ్బు ఆ కుర్రాడికి ఇచ్చి రండి.